బియ్యం బస్తా పరీక్ష

"ఏ కంపెనీది కొన్నారు మేడమ్?"

ఈ రెండేళ్లలో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఇది. మాల్‌లో, ఎయిర్‌పోర్టులో, పెళ్లి భోజనాల దగ్గర, ఒకసారైతే చావు ఇంట్లో కూడా. నా మడతపెట్టే మొబిలిటీ స్కూటర్‌ని, అంటే ఎక్కువ నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకునే చిన్న బ్యాటరీ బండిని, ఎగాదిగా చూసి, ఇంట్లో ఉన్న అమ్మనో మామగారినో తలుచుకుని అడుగుతారు. కంపెనీ పేరు చెప్పే ముందు నేను ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. "మీ ఇంట్లో బియ్యం బస్తా ఎవరు ఎత్తుతారండీ?"

అడిగినవాళ్లు నావైపు అదోలా చూస్తారు. ఈ ప్రశ్న నాకు తెలివివల్ల రాలేదు. డబ్బు పోయాక వచ్చింది.

నాకు ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది. కుడికాలికి కాలిపర్, అంటే కాలిని నిలబెట్టే పట్టీల చట్రం, రెండు చేతికర్రలు. ఈ మూడింటితోనే చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లాడు అన్నీ నెట్టుకొచ్చాను. రోడ్డు మీదికి వెనక రెండు అదనపు చక్రాలు బిగించిన పెట్రోలు స్కూటర్ ఉంది. మావాళ్లందరం సైడ్‌వీల్స్ బండి అంటాం. దాని మీద బెజవాడంతా తిరిగాను. అయితే యాభై దాటాక భుజాలు మొరాయించాయి. పోలియోలో చచ్చిపోయిన నాడీకణాల పనిని మిగిలినవి ఇన్నేళ్లూ నెత్తిన వేసుకుని మోశాయి. ముప్పై నలభై ఏళ్ల తర్వాత అవీ అలిసిపోతాయి. దీన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. మన దేశానికి పోలియో రహితమని సర్టిఫికెట్ 2014 మార్చిలో వచ్చేసింది. అంతకుముందు పోలియో వచ్చినవాళ్లం మాత్రం ఇప్పుడు ఒక్కొక్కళ్లమే యాభైలూ అరవైల్లోకి వస్తున్నాం.

సైడ్‌వీల్స్ బండికి ఒక హద్దు ఉంది. అది నన్ను పార్కింగ్ దాకా తీసుకెళుతుంది. అక్కడి నుంచి లోపలికి ఎలా? ఎయిర్‌పోర్టులో గేటు దాకా, ఆసుపత్రిలో స్కానింగ్ గది దాకా, మ్యూజియంలో రెండో గది దాకా? నా జీవితంలో చూడకుండా మిగిలిపోయినవన్నీ ఆ రెండు మూడు వందల మీటర్లలోనే ఉన్నాయి.

ఎనిమిదో తరగతిలో గుంటూరు నుంచి మా స్కూలువాళ్లు హైదరాబాద్ తీసుకెళ్లారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో టీచరుగారు నన్ను గడియారం ఎదురుగా కూర్చోబెట్టి, "నువ్వు ఇక్కడే ఉండమ్మా, మేం చూసి వచ్చేస్తాం" అన్నారు. గంటకోసారి గడియారంలోంచి చిన్న గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది కదా, దాన్ని రెండుసార్లు చూశాను. మిగతా పిల్లలు ఒక్కసారే చూశారు. అదొక్కటే నాకు దక్కిన లాభం. మేలిముసుగు రెబెక్కాని, అదే 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్న ఆ పాలరాతి బొమ్మని, నేను చూసింది మొన్న మొన్న. స్కూటర్ మీద వెళ్లి, ఆ బొమ్మ చుట్టూ మూడుసార్లు తిరిగాను. రాతిలో ముసుగు అంత పల్చగా ఎలా చెక్కారో వెనకనుంచి కూడా చూడాలిగా మరి.

సరే, కొనడం సంగతికి వద్దాం.

మొదటిసారి నేను కొన్నది విడదీసే రకం. సీటు, బుట్ట, బ్యాటరీ పెట్టె, ముందుభాగం, మోటారున్న వెనకభాగం. ఐదు ముక్కలు. అమెరికన్ కంపెనీ ప్రైడ్ వాళ్ల గో-గో లాంటివన్నీ ఈ కోవలోవే. చవక, గట్టి, సీటు సుఖంగా ఉంటుంది. కాగితం మీద చూస్తే ఏ ముక్కా పదిహేను పదహారు కిలోలు దాటదు. మా ఆయన ఆ అంకె చూసి "ఇంతేనా" అన్నారు. అప్పటికి ఆయనకి హెర్నియా ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు. నేను గుర్తు చెయ్యలేదు, ఆయన గుర్తు తెచ్చుకోలేదు.

ఐదు ముక్కలంటే ఐదుసార్లు వంగి లేవడం. దిగేటప్పుడు ఐదు, ఎక్కేటప్పుడు ఐదు. మధ్యలో టిఫిన్‌కి ఆగితే ఇంకో పది. మేనెలలో కారు పార్కింగ్‌లో నిలబడి ముందుభాగాన్నీ వెనకభాగాన్నీ కొక్కెంలో కూర్చోబెట్టడానికి ఆయన చెమటలు కక్కుతుంటే, నేను కర్రల మీద పక్కనే నిలబడి చూస్తుండేదాన్ని. నాలుగో ప్రయాణం తర్వాత "ఇవాళ కర్రలతో వెళ్దాంలే, దగ్గరేగా" అన్నది నేనే. ఆయన వద్దనలేదు. స్కూటర్ మంచం కిందికి చేరింది.

ఇక్కడ నేను నేర్చుకున్నది ఒక్కటే. ఈ వస్తువు కొనేటప్పుడు మనం కూర్చునే మనిషి గురించే ఆలోచిస్తాం. ఆమె బరువెంత, నొప్పులెక్కడ, సీటు మెత్తగా ఉందా అని. కానీ అది ఇంట్లోంచి కదలాలా మంచం కింద పడి ఉండాలా అన్నది తేల్చేది ఎత్తే మనిషి. అమ్మేవాళ్లు ఎత్తే మనిషిని అసలు అడగరు. మనమూ అడగం. ఎత్తేది ఎక్కువగా మొగుడో కొడుకో కాబట్టి, వాళ్లూ బరువని చెప్పుకోవడానికి నామోషీ పడతారు.

అందుకే బియ్యం బస్తా. 2022 జులైలో 25 కిలోల వరకూ ఉన్న ప్యాకింగ్ బియ్యానికి జీఎస్టీ వేశాక, మా కొట్టులో బస్తాలు 26 కిలోలయ్యాయి. ఆ ప్రభుత్వ నిర్ణయం నాకు పనికొచ్చిన సందర్భం ఇదొక్కటే. ఎందుకంటే మార్కెట్లో మడతపెట్టే స్కూటర్లు చాలావరకు ఆ బరువుకి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. షోరూమ్‌కి వెళ్లే ముందు, రోజూ ఎత్తబోయే మనిషి చేత బస్తాని నేల మీంచి డిక్కీలోకి ఎత్తించి, దింపించి, మళ్లీ ఎత్తించండి. పొద్దున్న కాదు, మధ్యాహ్నం, తిరిగి అలిసిపోయి వచ్చాక. రెండోసారి ఎత్తేటప్పుడు ఆ మనిషి మొహం చూడండి. ఆ మొహంలో కనబడేది ఏ బ్రోషరూ చెప్పదు. పైగా బస్తాకి మూలలుంటాయి, పట్టు దొరుకుతుంది. స్కూటర్‌కి చేతికి దొరికేవన్నీ ఎత్తకూడని చోట్లే.

మడతపెట్టే రకాల్లో రిమోట్‌ది ఒకటి ఉంది. షోరూమ్ కుర్రాడు బటన్ నొక్కాడు, అది ఒంటె కూర్చున్నట్టు మెల్లగా మడుచుకుని పెట్టెలా అయిపోయింది. చూడ్డానికి వచ్చిన మా మరిది పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకూ కొట్టాలనిపించింది. మా ఆయన మాత్రం దాన్ని ఒకసారి పట్టుకుని లేపి, మెల్లగా కింద పెట్టేసి, "రిమోట్ నొక్కితే మడుచుకుంటుంది సరే, డిక్కీలోకి ఎగరదుగా" అన్నారు. ఇంకొకళ్ల సాయం లేకుండా మడిచి, కారెక్కించకుండా, నేరుగా మెట్రోలోనో లిఫ్టులోనో వెళ్లేవాళ్లకి అది బ్రహ్మాండం. మాలా కారు మీద ఆధారపడేవాళ్లకి ఆ మోటారు అదనపు బరువే.

చివరికి నేను తీసుకున్నది మడిచాక రెండు ముక్కలుగా విడిపోయేది. ఇజ్రాయెల్‌వాళ్ల ఆట్టో ఈ పద్ధతికి బాగా పేరున్నది. ఆ పేరు చెబితే మా అత్తగారు "ఆటో కొంటున్నారా, ఎవరికి అద్దెకిస్తారూ" అన్నారు. తైవాన్‌వాళ్ల లగ్గీ లాంటివి విడిపోకుండా సూట్‌కేసులా మడుచుకుంటాయి. ఏదైనా సరే, బ్రోషర్లో మొత్తం బరువు చూడకండి. బ్యాటరీ తీసేశాక అన్నిటికంటే బరువైన ముక్క ఎంత, అది మాత్రం చూడండి. కొందరు బ్యాటరీ లేకుండా, సీటు లేకుండా తూచి ఆ అంకెని పెద్ద అక్షరాలతో వేస్తారు.

డిక్కీ గురించి ఇంకో మాట. కొలవాల్సింది డిక్కీ లోతు కాదు, దాని నోరు. మా ఆయన టీవీ వచ్చిన అట్టపెట్టెని కోసి, మడిచిన స్కూటర్ కొలతలకి అతికించి, వారం రోజులు మా కార్లో, తమ్ముడి కార్లో, అపార్ట్‌మెంట్లో అడిగినవాళ్లందరి కార్లలో పెట్టి చూశారు. వాచ్‌మన్‌కి అనుమానం కూడా వచ్చింది. ఆ పిచ్చిపనివల్లే తెలిసింది ఏమిటంటే, సీఎన్‌జీ సిలిండర్ ఉన్న క్యాబ్ డిక్కీలో చేతిసంచీ పట్టడమే గొప్ప. ఊరుకాని ఊళ్లో క్యాబ్ బుక్ చేస్తే వచ్చేవాటిలో చాలా అవే. అందుకని ఇప్పుడు పెద్దబండి బుక్ చేస్తాం, లేదా స్కూటర్ ముందు సీట్లో కూర్చుంటుంది, మా ఆయన వెనక నా పక్కన కూర్చుంటారు. దానికీ సీటుబెల్టు పెడతాం.

ఇక నేల. ఈ చిన్న స్కూటర్లు మన రోడ్ల కోసం చేసినవి కావు. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. జానెడు ఎత్తు చక్రాలు, నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో పొట్ట. మన గడపలు దాటలేవు. ఫుట్‌పాత్ అంచు ఎక్కలేవు. మురుగు జాలీ మీదికి వెళితే మూడు చక్రాల బండికి ముందుచక్రం సందులో ఇరుక్కుంటుంది, నాకు ఇరుక్కుంది. విశాఖ బీచ్ రోడ్డులో సముద్రం వైపు నడకదారి మీద హాయిగా వెళ్లొచ్చు, ఇసుకలో దిగితే మాత్రం అడుగు కూడా కదలదు. రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు పోవాలనుకునేవాళ్లు దీన్ని కొని తిట్టుకోవద్దు. వాళ్లకి సైడ్‌వీల్స్ బండి ఉంది, లేదా చక్రాల కుర్చీ ముందు మోటారు తగిలించి నడిపే నియోబోల్ట్ ఉంది. ఐఐటీ మద్రాసులో తయారైంది, గంటకి 25 కిలోమీటర్లు పోతుంది. నా స్కూటర్ వేగం గంటకి ఆరు. చురుగ్గా నడిచే మనిషి నన్ను దాటేస్తాడు. నాకు అదే కావాలి. అది బండి కాదు, నా చెప్పులు.

ఈ చెప్పుల పోలిక నేను గర్వంగా చెప్పుకుంటూ ఉండేదాన్ని, ఒక గుడి దగ్గర ఎదురుతన్నే దాకా. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "వాహనాలు లోపలికి రాకూడదమ్మా" అన్నాడు. "ఇది వాహనం కాదు బాబూ, నాకు చెప్పుల్లాంటిది" అన్నాను. "మరి చెప్పులూ బయటే కదమ్మా" అన్నాడు. నిజమే కదా! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆయన బాటిల్ నీళ్లతో టైర్లు కడిగి, తుండుగుడ్డతో తుడిచి, "చూడు నాయనా, ఈమె కాళ్లు కడుక్కుంది" అన్నారు. అతను పక్కకి జరిగాడు. మా ఆయనతో ముప్పై ఏళ్ల కాపురంలో నేను మెచ్చుకున్న మాటల్లో అది ఒకటి.

ర్యాంపుల సంగతి. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలని మన ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే సుమారు ఐదు డిగ్రీల వాలు. ఈ చిన్న స్కూటర్లు చాలావరకు ఆరు నుంచి ఎనిమిది డిగ్రీల దాకా ఎక్కుతామంటాయి. లెక్క ప్రకారం సరిపోవాలి. కానీ మన ఫంక్షన్ హాళ్లలో ర్యాంపు అంటే కేటరింగ్ గిన్నెలు లాక్కెళ్లడానికి వేసిన సిమెంటు చెక్క. అడుగు ఎత్తుకి మూడడుగుల పొడవు. దాని మీద స్కూటర్ ఎక్కబోతే ముందుచక్రం గాల్లోకి లేస్తుంది. అక్కడ దిగి కర్రలతో ఎక్కుతాను, వెనక ఎవరో ఒకరు ఖాళీ స్కూటర్ తోసుకొస్తారు. తోయడానికి వీలుగా మోటారు నుంచి చక్రాలని విడిపించే మీట ఒకటి వెనక ఉంటుంది. అది విడిపించారంటే ఇక బ్రేకు లేనట్టే. ఈ సంగతి సాయం చేసేవాళ్లకి ముందే చెప్పాలి. ఒక పెళ్లిలో మంచి మనసున్న కుర్రాడు వాలు మీద మీట తిప్పాడు, స్కూటర్ తనంతట తనే వెళ్లి ఐస్‌క్రీమ్ స్టాల్‌ని పలకరించింది. అందులో నేను లేను, దేవుడి దయ.

మూడు చక్రాలా నాలుగా అని తెగ వాదించుకుంటారు. మూడు చక్రాలది ఇరుకు లిఫ్టులో తిరుగుతుంది, కానీ పక్కవాలు మీద గబుక్కున తిప్పితే ఒరుగుతుంది. పెద్దవాళ్లకైతే నాలుగు. నాలాగా ఏళ్ల తరబడి బండి నడిపిన చెయ్యి ఉంటే మూడు చాలు. అంతకుమించి రాయడానికి ఏం లేదు.

చేతులు పెట్టుకునే దిమ్మల గురించి మాత్రం రాయాలి. బరువు తగ్గించడానికి చాలా మోడళ్లలో అవి తీసేస్తారు. షోరూమ్‌లో ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు కూర్చుని లేచి చూపిస్తాడు, లోటు కనబడదు. నాలాంటిదానికి లేవడమంటే చేతులతో నొక్కి లేవడమే. దిమ్మలు లేకపోతే కూర్చున్న చోటే ఉండిపోవాలి. మోకాళ్ల నొప్పులున్న ఏ పెద్దావిడకైనా అంతే. ఇంకా, కాలిపర్‌కి మోకాలి దగ్గర లాక్ ఉంటుంది. అది తీయకపోతే కాలు బారుగా చాపి కూర్చోవాలి. పాదాలు పెట్టే చోటు పొట్టిగా ఉంటే నా బూటు ముందుచక్రానికి తగులుతుంది. కర్రలు ఎక్కడ పెట్టుకోవాలో కూడా చూసుకోవాలి. నా స్కూటర్ వెనక మా ఆయన పీవీసీ పైపు ముక్క రెండు క్లాంపులతో బిగించారు. ఇరవై నిమిషాల పని. దాన్ని కంపెనీవాళ్లు ఎందుకు ఇవ్వరో నాకు అర్థం కాదు. స్కూటర్ వాడేవాళ్లకి కర్రతో పని ఉండదని ఏ ఇంజనీరు అనుకున్నాడో!

బ్యాటరీ దగ్గర నా అభిప్రాయం కాస్త తేడాగా ఉంటుంది. అందరూ లిథియమే కొనమంటారు. ఎత్తేందుకు గట్టి మనిషి ఉంటే, లెడ్ యాసిడ్‌ని తీసిపారెయ్యకండి. పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీలు రెండుంటాయి, పోతే బ్యాటరీల కొట్టులో దొరుకుతాయి. లిథియం ప్యాక్ పోతే కంపెనీ దయ. కొనేముందు ఫోన్ చేసి విడి బ్యాటరీ ధర అడగండి. వెంటనే చెప్పలేకపోతే రెండేళ్ల తర్వాత కూడా చెప్పలేరు. ఏ బ్యాటరీ అయినా బెజవాడ ఎండలో మూసిన కార్లో వదలకండి. నేను మాల్‌కి వెళ్లినా స్కూటర్ అక్కర్లేని రోజు బ్యాటరీ సంచీలో వేసుకుని వెళతాను.

విమానం ఎక్కేవాళ్లు లిథియం కొంటే లెక్క చూసుకుని కొనాలి. వోల్టులని ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 24 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లు అయితే 240. స్కూటర్ నుంచి తీసి చేత్తో పట్టుకెళ్లే లిథియం బ్యాటరీ 300 దాటకూడదు. రెండు బ్యాటరీల మీద నడిచే స్కూటర్ అయితే ఒక్కొక్కటి 160 దాటకూడదు. ఎక్కువ దూరం పోతుందని 36 వోల్టుల పెద్ద బ్యాటరీ అంటగట్టారనుకోండి, పది ఆంపియర్-అవర్లకే 360 అయిపోతుంది, ఇక మీ విమాన ప్రయాణం కౌంటర్ దగ్గరే ముగుస్తుంది. తీసిన బ్యాటరీ మనతోపాటు లోపలికి రావాలి, సామానులో వెయ్యకూడదు. టికెట్ కొన్నాక స్కూటర్ కొలతలు, బరువు, బ్యాటరీ వివరాలు విమానసంస్థకి రాసి, ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకోవాలి. కనీసం రెండు రోజుల ముందు.

ఇవన్నీ చేసి కూడా, మా అబ్బాయి దగ్గరికి సింగపూర్ వెళ్లేటప్పుడు కౌంటర్‌లో గంట నిలబెట్టారు. బ్యాటరీ మీద వాట్-అవర్లు రాసి లేవు, వోల్టులూ ఆంపియర్-అవర్లూ మాత్రమే ఉన్నాయి. "240 అని ఎక్కడుంది మేడమ్?" అంటుంది ఆ అమ్మాయి. గుణకారం చేసి చూపిస్తే నమ్మదు. బ్యాంకులో ముప్పై ఏళ్లు చేశానమ్మా అన్నా నమ్మదు. ఆఖరికి ఫోన్లో ఉన్న మాన్యువల్ పేజీ చూపిస్తే వదిలింది. కాబట్టి కొనేటప్పుడే వాట్-అవర్లు అచ్చేసిన స్టిక్కర్ ఉందా చూడండి. నాలుగు వేల రూపాయల సీటు కవర్ కంటే అది ముఖ్యం.

సింగపూర్లో అడుగుపెట్టాక ఆ గంట మర్చిపోయాను. అక్కడి మెట్రోని ఎమ్మార్టీ అంటారు, దాని ప్రతి స్టేషన్‌లోనూ లిఫ్టు. బస్సు వస్తే డ్రైవరు దిగివచ్చి ర్యాంపు పరుస్తాడు, ఎవరూ చిర్రుబుర్రులాడరు. నాలుగు రోజులు నేనూ మావాడూ పక్కపక్కనే వెళ్లాం. వాడు పుట్టాక మేమిద్దరం మాట్లాడుకుంటూ అంత దూరం వెళ్లడం అదే మొదలు. కర్రలతో నడిచేటప్పుడు నేను మాట్లాడలేను, ఊపిరి సరిపోదు. చక్రాల కుర్చీలో తోస్తే వాడు నా వెనక ఉంటాడు. మనిషి మొహం కనబడకుండా ఏం మాట్లాడతాం?

ఇక్కడే మా బంధువులతో నా పేచీ. "వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి మేం తోస్తాం కదా, లక్ష దాటి పెట్టడం ఎందుకు" అంటారు ఒకళ్లు. "అలా కూర్చుంటే ఉన్న కాస్త నడకా పోతుంది" అంటారు ఇంకొకళ్లు. ప్రేమతోనే అంటారు. రెండోవాళ్లకి నేను చెప్పేది ఏమిటంటే, నా దగ్గర రోజుకి ఇన్ని అడుగులని ఉన్నాయి, అవి పార్కింగ్‌లో ఖర్చుపెడితే వంటింటికి మిగలవు. డాక్టరుగారు కూడా కండరాల్ని అలిసిపోయేదాకా వాడొద్దనే చెప్పారు. మొదటివాళ్లకి జవాబు చెప్పడం కష్టం. తోసేవాళ్లు ఎక్కడికి తోస్తే అక్కడికి వెళ్లడం, ఎక్కడ ఆపితే అక్కడ చూడడం ఎలా ఉంటుందో చెబితే మనసు కష్టపెట్టుకుంటారు. ప్రభుత్వం పెద్దవాళ్లకి ఉచితంగా చక్రాల కుర్చీలూ కర్రలూ ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. మంచి పథకం, ఎందరికో అవసరం. అయినా ఆ కుర్చీకి ఇంకో మనిషి కావాలి, ఆ మనిషికి తీరిక కావాలి.

డబ్బు దగ్గర వాళ్లు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. ఏడాదికి రెండుసార్లు బయటికి వెళ్లేవాళ్లు కొనకండి. అద్దెకి దొరికితే తీసుకోండి, లేదా ఎవరిదైనా వారం రోజులు అడిగి వాడి చూడండి. నాది అడిగితే ఇస్తాను. ఇప్పటికి ముగ్గురు తీసుకెళ్లారు. ఒకావిడ మూడోరోజే తిరిగిచ్చేసి, "మా సందులో గోతులే ఉన్నాయి తల్లీ" అంది. లక్ష రూపాయలు మిగిలాయి ఆవిడకి.

పోయిన నెల మా తోటికోడలి కూతురి పెళ్లి. బఫే పెట్టారు. కర్రలతో నడిచేవాళ్లకి బఫే అంటే ఏమిటో మీకు తెలియదు. రెండు చేతులూ కర్రలకే, ప్లేటు పట్టుకునేదెవరు? ఎప్పుడూ ఎవరో ఒకరు తెచ్చిపెడతారు. వాళ్లకి నచ్చినవి తెస్తారు, పెరుగన్నం మర్చిపోతారు. మళ్లీ అడగడానికి మొహమాటం. ఆరోజు ఒళ్లో ట్రే పెట్టుకుని, వరసలో నిలబడి, అంటే కూర్చుని, ఒక్కో గిన్నె దగ్గరా ఆగాను. వడ్డించే అబ్బాయి గరిట ఎత్తి "ఇది వెయ్యనా అమ్మా" అన్నాడు. ఆగు బాబూ, ముందు అన్నీ చూడనీ అన్నాను. చివరిదాకా వెళ్లి, వెనక్కి తిప్పుకుని, గుత్తొంకాయ కూర దగ్గరికి రెండుసార్లు వచ్చాను.